అక్షింతలు తిన్న పిట్ట

మా మేడమీద వాటాలో అద్దెకుంటున్న లావణ్య మొన్న ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక సాయంత్రం ఫోన్ పట్టుకుని కిందికి దిగి వచ్చింది. ముఖం చూస్తే ఎవరితోనో గట్టిగా వాదించి వచ్చినట్టుంది. ఇక్కడే మండపేటలో ఒక కాలేజీలో జువాలజీ చెబుతుంది. పుట్టిల్లు భీమవరం. చేపల చెరువుల మధ్య పెరిగిన పిల్ల కావడం వల్ల కొంగలనూ నీటికాకులనూ ఎంత దూరాన ఉన్నా పోల్చుకుంటుంది. సెలవు దొరికితే చాలు, స్కూటరేసుకుని కాలువ గట్ల వెంట పడి తిరుగుతూ పిట్టల్ని లెక్కపెడుతుంది. ఇలాంటివాళ్ళందరూ కలిసి ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారట. ఎవరు ఏ పిట్టను చూసినా అందులో చెప్పాలి, పెద్దవాళ్ళు ఒప్పుకోవాలి, అప్పుడు అది లెక్కలోకి ఎక్కుతుంది. నాకు ఈ తతంగమంతా వింటే మా చిన్నప్పటి పంచాయతీలు గుర్తొస్తాయి.

"టీచర్‌గారూ, ఇదేంటో మీరు చెప్పండి," అని ఫోన్ తెచ్చి నా ముక్కు కింద పెట్టింది. అందులో ఒక కొమ్మ, దాని మీద బూడిదరంగు మరక ఒకటి కనిపించాయి. అది పిట్టేనని నమ్మడానికి చూసేవాళ్ళకు కాస్త మంచితనం ఉండాలి. "కంఠం దగ్గర చూడండి, పసుపు మచ్చ. కళ్ళారా చూశానండి నేను. గ్రూపులో పెడితే ఊరపిచ్చుకేనంట. ఏ పూల మీదో వాలితే పుప్పొడి అంటుకుని ఉంటుందంట. సరైన ఫొటో తెస్తే అప్పుడు చూద్దాం అన్నారండి." ఎక్కడ చూశావని అడిగితే మా ఊరి పేరే చెప్పింది. మా ఊరి కాలువ లాకుల అవతల, గట్టు మీద, ముసలి నిద్రగన్నేరు దగ్గర. నేను కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను. పదేళ్ళ వయసులో, అదే గట్టు మీద, అలాంటి పిట్ట గురించే నేను చెప్పిన మాట మా ఇంట్లో ఒక్కరూ నమ్మలేదు. నమ్మించడానికి నేనొక పని చేశాను. ఆ పని సంగతి తెలిసిన ఒకే ఒక మనిషి పోయి చాలా కాలమైంది. ఆ రోజు లావణ్యకు కూడా ఏమీ చెప్పలేదు. "ఆదివారం నన్నూ తీసుకెళ్ళు, చూద్దాం," అని మాత్రం అన్నాను.

మాది పురోహితుల ఇల్లు. తాతయ్య చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళకు పెళ్ళిళ్ళూ వ్రతాలూ చేయించేవాడు. నాన్న పక్క ఊరి బళ్ళో లెక్కలు చెప్పేవాడు. ఇల్లు పెంకుటిల్లు. ముందు పొడుగాటి వసారా, వసారాకు తాటి దూలాలు. తెల్లవారుజామున మామ్మ గడపకు పసుపు రాస్తుంటే ఆ తడి పసుపు వాసనకే నాకు మెలకువ వచ్చేది. తర్వాత కట్టెల పొయ్యి పొగ, కాసేపటికి తాతయ్య పూజగదిలో కర్పూరం. ఎండాకాలమైతే వీటన్నిటినీ మించి ఆవపిండి ఘాటు. ఆవకాయ రోజుల్లో మా ఇంటికొచ్చినవాళ్ళు మాట్లాడే ముందు ఒకసారి తుమ్మేవారు. తాతయ్యకు మధ్యాహ్నం నిద్ర చాలా ముఖ్యం. భోజనమయ్యాక రెండు గంటలపాటు ఇంట్లో ఎవరూ గట్టిగా దగ్గకూడదు. ఆయన గురక మొదలైతేనే మేము మాట్లాడుకునేవాళ్ళం. ఇంత కట్టుబాటున్న ఇంట్లో కట్టుబాటు లేనివి పిచ్చుకలొక్కటే. ఫొటోల వెనకా దూలాల సందుల్లోనూ గడ్డి పెట్టి కాపురాలు చేసేవి. పీటల మీద పంచాంగం విప్పితే దాని మీద కూడా ఆ సంసారాల ఆనవాళ్ళు పడేవి. తాతయ్య విసుక్కుంటూ తుడుచుకునేవాడే గాని, ఒక్క గూడు కూడా తీయించలేదు.

ఆ పిచ్చుకల బాధ్యత రత్తమ్మత్తయ్యది. నాన్నకు అక్క. పెళ్ళయిన రెండో ఏడే మామయ్య పోతే పుట్టింటికి వచ్చి మా ఇంట్లోనే ఉండిపోయింది. కోత కోసేటప్పుడు చేనికి పోయి, వరికంకులు పొడుగాటి కాడలతో ఉన్నవి ఏరి కోయించుకుని వచ్చేది. కాడల మీద నీళ్ళు చిలకరించి, విరగకుండా మెత్తబడ్డాక ఆకు దూసేసి, అరటినారతో ఒక పిడికెడు కంకులను ముడివేసి, ఆ ముడిలోంచి వరసవరసగా కొత్త కంకులు కలుపుతూ జడలాగా అల్లేది. గింజలన్నీ కిందికి వేలాడేవి. వానాకాలం సార్వా పంటకు నాలుగు కుచ్చులు, ఎండాకాలం దాళ్వాకు నాలుగు. వసారా దూలానికి కడితే పిచ్చుకలు తలకిందులుగా వేలాడి మరీ తినేవి. కుచ్చులు కట్టడం మా వైపు చాలా ఇళ్ళల్లో ఉన్నదే. అయితే అత్తయ్య అల్లిన కుచ్చు ఆరు నెలలైనా జారేది కాదు. ఊళ్ళో వాళ్ళు వచ్చి అల్లించుకుని పోయేవారు.

ఇంకో పని కూడా ఆవిడదే. తాతయ్య పూజలో మిగిలిన అక్షింతలు కాళ్ళ కింద పడకూడదు. వాటిని దోసిట్లో పోసుకుని వసారా చివర అరుగు మీద పిట్టలకు వేసేది. శుభకార్యాల్లో అక్షింతలు వేయమని ఆవిణ్ణి ఎవరూ పిలిచేవారు కాదు. పెళ్ళిళ్ళలో వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేది. నాకు అప్పుడు అది వింతగా కూడా తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే మా అందరి మీదా, నా మీదా కోపమొస్తుంది.

ఆ ఏడు దాళ్వా కోతలయ్యాక కుచ్చు మీదికి కొత్తగా ఒక పిట్ట రావడం మొదలుపెట్టింది. మగ ఊరపిచ్చుకకు గొంతు కింద నల్లగా ఉంటుంది కదా, దీనికి నలుపు లేదు. కంఠం మీద పసుపు బొట్టు ఉంది. ముక్కు సన్నగా ఉంది. అరుపు పిచ్చుక అరుపే గాని కాస్త తీయగా ఉంది. అత్తయ్య దాన్ని చూసి పొంగిపోయింది. "చూశావటే పద్దూ! నా అక్షింతలు తిని తిని కంఠం పచ్చబడింది దానికి. ఎంతమందికి వేసినా దీనొక్కదానికే అందాయి," అంది. మామ్మ చేతులు జోడించింది. తాతయ్య కూడా ఒకసారి పంచాంగం మీంచి తలెత్తి చూసి, అవును, పసుపే అన్నాడు. అంతే, ఇంటిల్లిపాదీ తీర్మానం చేసేశారు. పసుపు కలిపిన బియ్యం తిన్న పిట్టకు పసుపంటక ఏమంటుంది?

నేను కాదన్నాను. ఆ పిట్ట మన దూలాల్లో ఉండదని, లాకుల అవతల నిద్రగన్నేరు ఎండుకొమ్మకున్న తొర్రలో దూరుతుందని, దాని పెళ్ళానికి కంఠం బొత్తిగా తెల్లగా ఉందని, అది పిచ్చుకల్లో వేరే జాతని చెప్పాను. నాన్న నవ్వాడు. మామ్మ, "పెద్దవాళ్ళ మాటకు అడ్డం రావడం ఎక్కడ నేర్చుకుందో," అంది. అబద్ధాలకోరునని అన్నయ్య పేరు పెట్టాడు. అన్నిటికన్నా అత్తయ్య నమ్మకపోవడం నాకు మంటెక్కించింది. మామూలుగా నేను ఏం చెప్పినా ఊకొట్టే మనిషి ఆవిడ. ఈ ఒక్క విషయంలో, "పోనీలేవే, చిన్నదానివి, నీకు తెలీదు," అని తల నిమిరింది. ఆ నిమరడం నాకు చెంపదెబ్బకన్నా ఎక్కువైంది. నాకు చిన్నప్పట్నుంచీ మొండితనం ఎక్కువ. పసుపైతే కడిగితే పోవాలి, పోకపోతే నేను గెలిచినట్టే అని లెక్క వేసుకున్నాను.

ఒక మధ్యాహ్నం తాతయ్య గురక మొదలయ్యాక పెరట్లో గంప బోర్లించి, ఒక పక్క పుల్ల నిలబెట్టి, పుల్లకు దారం కట్టి, గంప కింద వడ్లు పోసి కూర్చున్నాను. రెండు ఊరపిచ్చుకలు వచ్చి తిని పోయాయి. మూడోసారి అదే వచ్చింది. దారం లాగాను. పక్కనే చెంబులో నీళ్ళు, కొబ్బరిచిప్పలో కుంకుడు రసం ముందే సిద్ధం చేసుకున్నాను. ఎడమచేతి గుప్పిట్లో పిట్టను పట్టుకుని, కుడి బొటనవేలితో కంఠం మీద రుద్దాను. నురగ వచ్చింది. కడిగి చూశాను, పసుపు పోలేదు. మళ్ళీ రుద్దాను. ఎంత రుద్దినా పోలేదు. తడిసిన రెక్క పక్కకు తొలిగితే బుజం మీద ఇటికరంగు మచ్చ కూడా కనిపించింది. ఊరపిచ్చుకకు అలా ఉండదు. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. అప్పటిదాకా నా వేళ్ళకు దాని గుండె టకటకా తగులుతూనే ఉంది. అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్న అత్తయ్య దగ్గరికి పరిగెత్తి, "పోలేదు చూడు! పసుపు కాదు!" అని గుప్పిట తెరిచాను. దాని మెడ ఒక పక్కకు వాలిపోయింది.

అత్తయ్య నన్ను తిట్టలేదు. చేతులు తుడుచుకుని పిట్టను అరచేతిలోకి తీసుకుంది. చీరచెంగు తడిపి ముక్కు మీద నీటిచుక్క పిండింది. కాసేపు చూసింది. తర్వాత అదే తడిచెంగుతో దాని కంఠం మీద మెల్లగా ఒక్కసారి తుడిచి, చెంగు వెలుతురుకు పెట్టి చూసుకుంది. చెంగుకు ఏ రంగూ అంటలేదు.

"నువ్వు చెప్పిందే నిజం పద్దూ. ఇది నా అక్షింతలది కాదు," అంది. నేను కోరుకున్న మాట అదే. ఆ మాట వినడానికే అంత పనీ చేశాను. వినగానే వెక్కివెక్కి ఏడ్చాను. ఆవిడ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టి, "తాతయ్య లేస్తారు," అంది. మందార మొక్క మొదట్లో గుంట తీసి పూడ్చిపెట్టింది. సాయంత్రం ఆ పిట్ట ఏదని మామ్మ అడిగితే, పిల్లి పట్టుకుపోయిందని చెప్పింది. "కుచ్చు అంత కిందికి కడితే పట్టుకుపోదూ? వయసొచ్చింది గాని నీకు బుద్ధి రాలేదు," అని మామ్మ అందరి ముందూ దులిపేసింది. అత్తయ్య స్టూలు వేసుకుని కుచ్చు పైకి కట్టింది. నేను గుమ్మం పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. నోరు విప్పలేదు. తర్వాత ఎన్నేళ్ళు గడిచినా విప్పలేదు.

మర్నాడు తెల్లవారకుండానే ఆవిడ నన్ను లేపింది. "ఆ తొర్రేదో చూపించు. లోపల పిల్లలున్నాయేమో," అంది. నాకు ఆ ఊహే రాలేదు. గన్నేరు పూలకని బుట్ట పట్టుకుని ఇద్దరం బయల్దేరాం. కాలువలు కట్టేసిన రోజులు కావడంతో నీళ్ళు లేవు, అడుగున బురద పలకలు పలకలుగా పగిలి ఉంది. నిద్రగన్నేరు కింద నిలబడితే తొర్రలోంచి సన్నగా కీచుకీచులు వినిపించాయి. ఆడపిట్ట పచ్చపురుగు ముక్కున కరుచుకుని వచ్చింది. మమ్మల్ని చూసి పక్క కొమ్మ మీద ఆగిపోయింది. నేను ఇంకా బాగా కనిపించాలని ముందుకు జరగబోతే అత్తయ్య నా జడ పట్టుకుని వెనక్కి లాగింది. "కదలకు. అది మనల్ని చూస్తున్నంతసేపూ పిల్లలకు ఆకలే," అంది. ఇద్దరం గట్టు దిగి తుమ్మపొద పక్కన కూర్చున్నాం. అప్పుడు లోపలికి వెళ్ళింది.

అలా చాలా రోజులు వెళ్ళాం. ఇద్దరు చేయాల్సిన పని అది ఒక్కతే చేస్తుంటే చూడటం తప్ప మేము చేయగలిగింది ఏమీ లేదు. అయినా ఒక్క పొద్దు మానితే ఆ పిల్లలు చచ్చిపోతాయని నాకు భయం. కూర్చుని చూస్తేనే తెలిసింది, గుప్పిట్లో పట్టుకున్నప్పుడు తెలియనివెన్నో. అది ఎగిరేటప్పుడు లేచి పడుతూ ఎగురుతుందని, ఇంటి గోడలకన్నా ఎండుకొమ్మ తొర్రలంటేనే దానికి ఇష్టమని, దిగి చేలో తిన్నా తిరిగి చెట్టుకే పోతుందని అత్తయ్యే నాకు చూపించింది. ఆవకాయ కలిపిన రోజు ఒక్కటీ వెళ్ళలేకపోయాం. మర్నాడు పోయేసరికి తొర్ర నిశ్శబ్దంగా ఉంది. తల్లీ లేదు. "ఎగిరిపోయాయి," అంది అత్తయ్య. "నువ్వు చూశావా?" అని అడిగాను. "లేదు." "మరెలా తెలుసు?" ఆవిడ బుట్ట చంకనేసుకుని నడక మొదలుపెట్టి, "అన్నీ చూసే నమ్ముతామేంటే," అంది. పాము తిన్నదో, కాకి ఎత్తుకుపోయిందో, నిజంగానే ఎగిరిపోయాయో నాకు ఈనాటికీ తెలియదు. ఆవిడ మాటనే నమ్ముకుని బతికాను.

ఆ తర్వాత కూడా అత్తయ్య అక్షింతలు వేయడం మానలేదు. ఎందుకింకా అని ఒకసారి బుద్ధిలేక అడిగితే, "పచ్చబడితేనే వెయ్యాలా? తింటున్నాయిగా," అంది. నేను టీచరు ట్రైనింగుకి రాజమండ్రి వెళ్ళినప్పుడు అక్కడి లైబ్రరీలో బొమ్మల పుస్తకంలో ఆ పిట్ట కనిపించింది. పసుపు కంఠం, బుజాన ఇటికరంగు, రెక్క మీద రెండు తెల్లచారలు. కింద అడవి పిచ్చుక అని పేరు. సెలవులకు వెళ్ళి చెబితే, "అడవి పిచ్చుకేంటి, మన లాకుల దగ్గర ఉండేదానికి? ఆ పుస్తకం రాసినాయన మనూరు రాలేదు కాబోలు," అని నవ్వింది. అప్పటికి ఆవిడ కళ్ళు మసకబారాయి. కుచ్చు మాత్రం చేత్తో తడుముకునే అల్లేసేది. పిల్లి సంగతి ఇంట్లో చెప్పేస్తానని ఆ సెలవుల్లోనే అన్నాను. "ఇప్పుడెందుకే, మీ మామ్మ కూడా పోయాక," అని కొట్టిపారేసింది.

ఆదివారం పొద్దున్నే లావణ్య స్కూటరు వెనక కూర్చుని వెళ్ళాను. దారంతా కోత మిషన్లు. మిషను గడ్డిని నుజ్జు చేసేస్తుంది, కుచ్చుకు కావాల్సిన పొడుగు కాడ మిగలదు. ఇప్పుడు కుచ్చులు కావాలంటే మిషను తిరగలేని చేను మూలల్లో కొడవలితో కోసుకోవాలి. మండపేటలో బట్టల షాపువాడు అద్దాల తలుపు లోపల ఏసీలో అలంకారానికి ఒక కుచ్చు వేలాడదీశాడు. ఆ గింజలు తినే ప్రాణి ఏదీ అక్కడికి రాదు. మా ఇల్లు అమ్మేశాక పడగొట్టి స్లాబు వేశారు, పిచ్చుక దూరే సందు ఎక్కడా లేదు. కాలువకు చాలామేర సిమెంటు పోశారు. గట్టు మీద నిద్రగన్నేర్లు వరసగా ఉండేవి, ఇప్పుడు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అప్పట్లో పిట్టలు లెక్కలేనన్ని ఉండేవి, వాటి పేర్లు మాకు తెలియవు. ఇప్పుడు పేర్లన్నీ లావణ్య ఫోన్లో ఉన్నాయి. ఏ కాలం మేలని నన్నడిగితే చెప్పలేను. ఆ కాలంలో పిట్టను చంపింది నేనే కదా.

లావణ్య చూపించిన చెట్టు నా చెట్టు కాదు, దానికి ఇంకా అవతలిది. ఎండుకొమ్మ, కొమ్మకు తొర్ర. ఎక్కువసేపు ఎదురుచూడకుండానే పిట్ట వచ్చింది, ముక్కున పురుగుతో. లేత ఎండలో కంఠం మీద పసుపు స్పష్టంగా కనిపించింది. లావణ్య నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఫోన్ పైకెత్తి నాలుగడుగులు ముందుకు వేసింది. పిట్ట తొర్ర దగ్గరికి వెళ్ళకుండా పక్క కొమ్మ మీద ఆగి మెడ తిప్పుతూ చూస్తోంది.

"ఇంకో పదడుగులండి, క్లియర్‌గా వచ్చేస్తుంది."

"వద్దమ్మా. వెనక్కి రా."

"ఏం చెయ్యనండీ దాన్ని నేను, ఒక్క ఫొటో!"

"రా లావణ్యా."

గొంతు కొంచెం పెద్దదైనట్టుంది, బళ్ళో పిలిచినట్టు. ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. వెనక్కి వచ్చి నా పక్కన గట్టు వాలులో కూర్చుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఫొటో లేకపోతే నా మాట ఎవరు నమ్ముతారు టీచర్‌గారూ?" అంది.

నేను అప్పుడు చెప్పాను. గంప, దారం, కుంకుడు రసం, అరచేతిలో వాలిన మెడ, పిల్లి మీద వేసిన నింద, స్టూలెక్కి కుచ్చు పైకి కట్టిన అత్తయ్య, అన్నీ చెప్పాను. ఎక్కడా ఆపలేదు, ఎక్కడా నన్ను నేను వెనకేసుకురాలేదు. లావణ్య నా వైపు చూడలేదు. వింటోందో లేదో అనుకున్నాను. నేను ముగించేసరికి ఫోన్ ఎప్పుడో సంచిలో పెట్టేసింది. చూపు మాత్రం తొర్ర మీద నుంచి తిప్పకుండానే అంది:

"పిల్లలకు ఆరుసార్లు తినిపించిందండి."